వరండా మీద బొగ్గు గీత

మా ఆయన జైలోస్ మాక్వింజ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ సంగతి బాంగ్వె బస్తీలో పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా ఆయన్నే మా చర్చి సంఘానికి పెద్దగా ఎన్నుకున్నారు. నలుగురి ఇళ్ళలోని గుట్టు కడుపులో దాచుకోవలసిన పదవికి ఇలాంటి మనిషి ఎలా నచ్చాడో నాకు అంతుపట్టలేదు. చివరికి స్త్రీల సమాజంలో ఒకామె నా అనుమానం తీర్చింది.

"నీ మొగుడికి ఒక్క మాట చెప్తే బస్తీ అంతా చాటింపు వేసినట్టే కదా ఎలుఫె అక్కా. మనకి మైకు కొనే బాధ తప్పింది."

నేను పైకి నవ్వాను గానీ లోపల మండింది. ఆయన్ని నేను అనడం వేరు, ఊళ్ళోవాళ్ళు అనడం వేరు.

ఆయన మినీబస్సు డ్రైవరు. తెల్లారింది మొదలు పొద్దుపోయేదాకా లింబె బజారుకీ బాంగ్వెకీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. ముగ్గురు పట్టే సీటులో నలుగుర్ని కూర్చోబెట్టడం అలవాటైన మనిషి, గుడికి వచ్చినా ఆ అలవాటు పోదు. ఆరాధన మొదలయ్యాక ఎవరైనా ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, "కాస్త సర్దుకోండమ్మా, ఇంకొకరు పడతారు" అని బస్టాండు గొంతుతో కేకేసేవాడు. మాకున్న ఇంకో పెద్ద చిర్వా మాస్టారు, రిటైరైన బడిపంతులు. ఆయన వాక్యం చదువుతున్నవారల్లా ఆగి కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

"మాక్వింజా, ఇది దేవుడి మందిరం. ఇక్కడ మనం టిక్కెట్లు కొట్టడం లేదు."

"అందుకే కదా మాస్టారూ, ఎందరైనా ఎక్కొచ్చు."

జనం నవ్వేవారు. మాస్టారు కూడా పుస్తకం అడ్డుపెట్టుకుని నవ్వేవారని నా అనుమానం.

మాది కొత్త సంఘం. గోడలు లేచాయి, రేకుల కప్పు పడింది, కిటికీలకి ఇంకా తలుపుల్లేవు. పాస్టరుగారికి మాలాంటి ప్రార్థన మందిరాలు ఎన్నో ఉన్నాయి. ఆయన బాప్తిస్మాలకీ ప్రభు భోజనానికీ మాత్రమే వస్తారు. తక్కినదంతా పెద్దలదే. రోగుల దగ్గరికి వెళ్ళడం, పెళ్ళిమాటలకి కూర్చోవడం, చావింట్లో ప్రార్థన చెయ్యడం, మొగుడూ పెళ్ళాల తగువులు తీర్చడం. పాస్టరుగారు తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి మా ఆయన్ని పెద్దగా నిలబెట్టారు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "నాకు బండి నడపడం తప్ప ఏం వచ్చు ఎలుఫె?" అన్నాడు.

"బండెడు మందిని రోజూ కొట్టుకోకుండా ఇంటికి చేరుస్తున్నారు కదా. అదే చెయ్యండి."

అన్నానే గానీ, ఆ మాటకి అంత తొందరగా పరీక్ష వస్తుందని నేననుకోలేదు.

మా సంఘం ఇద్దరు ముసలమ్మలతో మొదలైంది. మాయినాల అవ్వ, నచిసాలె అవ్వ. ఇద్దరూ విధవలే. ఒకే వరస ఇళ్ళలో పక్కపక్క గదులు అద్దెకి తీసుకుని ఏళ్ళ తరబడి ఉన్నారు. రెండు గుమ్మాలకీ కలిపి ఒకటే సిమెంటు వరండా. పెద్ద గుడి లింబెలో ఉంది. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం నడవలేక, ఒక ఆదివారం ఆ వరండాలోనే చాప పరిచి పాట అందుకున్నారు. ఆ పాట విని పక్కింటామె వచ్చింది, ఆమె వెనక ఆమె తోడికోడలు, తర్వాత నేను, నా వెనక బండి ఆపి మా ఆయన. అదీ మా సంఘం పుట్టుక.

వంట కూడా ఇద్దరిదీ ఉమ్మడే. మొక్కజొన్న పిండితో న్సిమ ముద్ద గెలకడం నచిసాలె పని, కూర వండడం మాయినాల పని. ఒకరి గిన్నె ఒకరు ముట్టుకోరు. తినడం మాత్రం ఒకే పళ్ళెంలో.

గుడి ప్రారంభం రోజున పాస్టరుగారు గుమ్మంలో మా ఆయన్ని అడిగారట, "ఈ సంఘం ఎవరి ఇంట మొదలైంది?" అని. ఆలోచించి చెప్పే అలవాటు ఈయనకి ఎక్కడిది? "మాయినాల అవ్వ వరండాలోనండీ" అనేశాడు. బండి ఎప్పుడూ ఆవిడ గుమ్మం ఎదుటే ఆపేవాడు మరి, ఆయన కంటికి ఆ సగమే కనబడింది. పాస్టరుగారు అదే మాట ప్రసంగంలో అన్నారు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అన్నారు. ఆఖరి పాట అందుకోకముందే నచిసాలె అవ్వ లేచి బయటికి నడిచింది.

మర్నాడు చూస్తే వరండాకి సరిగ్గా మధ్యన బొగ్గుతో గీత గీసి ఉంది. మాయినాల అవ్వ గీత దాకా ఊడ్చి చీపురు ఎత్తేది. నచిసాలె అవ్వ గీత దాకా తుడిచి గుడ్డ పిండేది. ఇద్దరూ చెరో పొయ్యి రాజేసుకున్నారు. "వరండా ఎవరిదో వాళ్ళనే గుడికి వెళ్ళమను" అని నచిసాలె అవ్వ, "నేనేమైనా చెప్పమన్నానా? ఉన్నమాటంటే ఉలుకెక్కువ" అని మాయినాల అవ్వ. చిర్వా మాస్టారు వెళ్ళి లేఖనం విప్పి మాట్లాడి వచ్చారు. ఇద్దరూ శ్రద్ధగా విన్నారట, ఎవరి సగంలో వాళ్ళు కూర్చుని.

ఇంతలో మొదటి ప్రభు భోజనం ఆదివారం దగ్గరపడింది. మా గుడిలో, రొట్టె విరిచే మా బల్ల దగ్గర, మొట్టమొదటిసారి. బల్లకి ముందు ప్రతి పెద్దా తన వంతు ఇళ్ళకి వెళ్ళి, "నీకూ మరొకరికీ మధ్య ఏమైనా ఉందా?" అని అడగాలి. ఉంటే సమాధానపడాలి. పడకపోతే బల్ల దగ్గరికి రాకూడదు. అవ్వలిద్దరూ మా ఆయన వంతు. ఆ పైన ములాంజె నుంచి నచిసాలె అవ్వ మేనల్లుడు కబురు పంపాడు. అవ్వకి ఓపిక తగ్గింది, తన దగ్గర పెట్టుకుంటాడట, సోమవారం బస్సుకి వచ్చెయ్యమన్నాడు. ఇక బాంగ్వెకి రానట్టే.

అంటే ఆదివారం దాటితే ఇక లేదు. సంఘానికి ప్రాణం పోసిన ఇద్దరూ దాని మొదటి బల్లకి దూరమవుతారు, సోమవారం పగతోనే విడిపోతారు. ఆ వయసులో ఒకరి చావు కబురు ఇంకొకరికి చేరడమే మిగులుతుంది.

"తప్పు నాది," అన్నాడు మా ఆయన. అన్నం ముందునుంచి లేచిపోయాడు. తిండి దగ్గర నుంచి లేచిపోవడం ఆయన జన్మలో లేదు. నాకు అప్పుడు నిజంగా భయం వేసింది.

శనివారం ఇద్దరం వెళ్ళాం. ఆడవాళ్ళ ఇంటికి పెద్ద ఒంటరిగా వెళ్ళకూడదని మా దగ్గర కట్టడి. మా చలికాలపు చిపెరొని జల్లు సన్నగా పడుతోంది, ఒళ్ళు కొరికే చలి. వరండాలో అవ్వలిద్దరూ చెరో గుమ్మంలో కూర్చుని ఉన్నారు. గీతకి అటొక పీట, ఇటొక పీట, రెండూ పెద్దగారి కోసమే. ఏ పీట మీద కూర్చున్నా రెండో ఆవిడకి అవమానం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మా ఆయన వానలో నిలబడి టోపీ పిండుతూ అటూ ఇటూ చూశాడు. చూసి, చూసి, వెళ్ళి సరిగ్గా గీత మీద చతికిలబడ్డాడు.

"ఒరేయ్ జైలోసూ, ఎడంకాలు నా సగంలో పెట్టావు," అంది నచిసాలె అవ్వ.

"కుడికాలు ఉండనియ్యి నాయనా," అంది మాయినాల అవ్వ ఆకాశంలోకి చూస్తూ. "నేను మనుషుల కాళ్ళకి కూడా హద్దులు చూసే దాన్ని కాను."

"ఎలుఫె, ఎవరో ఏదో అంటున్నారు, నాకు వినబడటం లేదని చెప్పు."

"అమ్మాయ్, వినబడకపోతే జవాబు ఎలా చెప్పిందో అడుగు."

చేతులకి నీళ్ళు పోసే చెంబు అందుకున్నాను. సంఘ పెద్ద ఇంటికి వస్తే ముద్ద పెట్టకుండా పంపరు, పెట్టింది తినకుండా లేవకూడదు. ఇద్దరూ వండారు. ఇద్దరూ పళ్ళేలు తెచ్చి ఆయన చెరో మోకాలి దగ్గరా పెట్టారు. 

మాయినాల అవ్వ పళ్ళెంలో ఉసిపా చేపల కూర, టమాటా వేసి వండింది. ఆ వాసనకే ఆకలి లేచింది. పక్కనున్న ముద్ద మాత్రం, చెప్పకూడదు, ఉండలు ఉండలుగా ఉంది, లోపల పచ్చిపిండి. నచిసాలె అవ్వ పళ్ళెంలో ముద్ద వెన్నలా ఉంది. గుమ్మడాకు కూర మాత్రం అడుగంటి, ఉప్పులేక, నోట్లో పెడితే గడ్డి. నేనూ ఆ పళ్ళేల్లోంచే తిని, మింగలేక కక్కలేక రెండు గుటకల నీళ్ళు తాగాను.

మా ఆయన కాసేపు బుద్ధిగా అటొక ముద్ద, ఇటొక ముద్ద తిన్నాడు. తర్వాత చెయ్యి తన ఇష్టానికి పోయింది. ఎడమవైపు ముద్ద తుంచాడు, కుడివైపు చేపల కూరలో అద్దాడు, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ. ఇదీ తిండంటే."

మోచేత్తో పొడిచాను. లాభం లేదు, మాట జారిపోయింది. పెట్టిన చేతికి వంక పెట్టడం కంటే పెద్ద అవమానం మా దగ్గర ఇంకోటి లేదు. అదీ సంఘ పెద్ద, అదీ బల్ల రేపనగా. సిగ్గుతో నా తల నేలకి వాలిపోయింది.

"ఏం, నా కూరకి ఏమొచ్చింది?" అంది నచిసాలె అవ్వ నెమ్మదిగా.

"ఉప్పు రాలేదవ్వా," అన్నాడు ఈయన. అబద్ధం ఆడటం కూడా రాదు పాపం.

అవతల మాయినాల అవ్వ కిసుక్కున నవ్వింది. "ఉప్పు సంగతి ఆవిడకేం తెలుసు? పొయ్యి ముందు కునుకు తీసే మనిషి."

"మరి ఆవిడ ముద్ద చూడు జైలోసూ. ఆ ఉండలు పేర్చి గోడ కట్టుకోవచ్చు."

"నాకెలా వస్తుంది? ఇన్నేళ్ళలో ఏనాడైనా నన్ను తెడ్డు ముట్టుకోనిచ్చావా?"

"నువ్వు నన్ను ఉప్పుడబ్బా ముట్టుకోనిచ్చావా?"

వాళ్ళిప్పుడు మాతో మాట్లాడటం లేదు. ఆ సంగతి వాళ్ళకి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. నచిసాలె అవ్వ అవతలి పళ్ళెంలోకి మెడ సాచి చూసింది.

"ఇన్నాళ్ళూ ఇదే తిన్నావా?"

"ఆఁ. నువ్వో?"

"చప్పిడి కూడు."

"బక్కచిక్కిపోయావే," అంది మాయినాల అవ్వ. "పొరలు కమ్మిన ఈ కళ్ళకే కనబడుతోంది."

నచిసాలె అవ్వ లేవలేదు. కూర్చున్న చోటు నుంచే ముద్ద కుండని రెండు చేతులతో పట్టుకుని బరబరా ఈడ్చుకుంటూ జరిగింది. కుండ, కుండ వెనక ఆవిడ పావడా, గీత మొత్తం తుడిచేశాయి. మా ఆయన పంట్లాముకి సగం బొగ్గు అంటింది, అది నేను ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఇద్దరూ ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టారు. ఆకలి మీద ఉన్న పిల్లల్లా తిన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, ఎందుకంటే నవ్వు కూడా వస్తోంది.

చేతులు కడుక్కున్నాక మా ఆయన వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తప్పు నాదవ్వా. నోరు ఊరుకోక వాగాను. రేపు అందరి ముందూ లేచి దిద్దుతాను. చెప్పండి, ఎవరి వరండా అనమంటారు?"

"మాయినాల పేరే ఉండనియ్యి," అంది నచిసాలె అవ్వ. "నేను పోయేదాన్ని. ఇక్కడ ఉండేవాళ్ళ పేరు చెప్పుకుంటేనే అందం."

"ఏం కాదు. దీని పేరే చెప్పు," అంది మాయినాల అవ్వ. "నేను రోజూ కళ్ళెదుటే ఉంటాను. పోయిన మనిషినే కదా తలుచుకోవాల్సింది."

"నాకొద్దన్నానా?"

"నాకు మాత్రం ఎందుకు?"

"నీ మొండితనం చచ్చినా పోదే."

మా ఆయన తల పట్టుకున్నాడు. సంఘ పెద్దగా అడగాల్సిన మాట ఎలాగూ అడగాలి కాబట్టి అడిగాడు. "సరే, మీ ఇద్దరి మధ్యా ఇంకా ఏమైనా ఉందా?"

"ఉంది," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయన దిక్కుతోచక నావైపు తిరిగాడు. "దీన్ని పగ అనరండీ," అన్నాను. "ఈ మాత్రానికి దేవుడేమీ అనుకోడు. లేవండి, వాన పెద్దదవుతోంది."

"పెద్దని నేనా, నువ్వా?" అని గొణుక్కుంటూ లేచాడు.

ఆదివారం గుడి కిక్కిరిసిపోయింది. బల్లకి తెల్లగుడ్డ పరిచారు. తలుపుల్లేని కిటికీల్లోంచి తుంపర లోపలికి కొడుతున్నా ఎవరూ కదల్లేదు. రొట్టె విరవకముందు మా ఆయన లేచి నిలబడి, "ఆ రోజు పాస్టరుగారికి నేను తప్పు చెప్పాను. మన సంఘం మొదలైంది నచిసాలె అవ్వ వరండాలో," అన్నాడు.

"దేవుడి ఇంట్లో అబద్ధాలాడకు జైలోసూ," అంది ముందు బెంచీలోంచి నచిసాలె అవ్వ.

"నిజమే చెప్పాడు, కూర్చో," అంది పక్కనే ఉన్న మాయినాల అవ్వ.

పాస్టరుగారు ఒకర్ని మార్చి ఒకర్ని చూశారు. ఆయన నవ్వే మనిషి కాదు. "మీరిద్దరూ కాసేపు ఊరుకుంటే మనం ప్రభువు మాట విందాం," అన్నారు. అని, తల దించుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. ఇక గుడి అంతా నవ్వులే.

రొట్టె పళ్ళెం పట్టుకుని మా ఆయన ముందు బెంచీ దగ్గరికి వచ్చాడు. మాయినాల అవ్వ చెయ్యి గాల్లో వెతుక్కుంటోంది, పళ్ళెం ఎక్కడుందో కంటికి ఆనడం లేదు. నచిసాలె అవ్వ ఒక ముక్క తీసి ఆ అరచేతిలో పెట్టి, ఒక్కొక్క వేలూ తనే మూసింది. పక్కన నిలబడి, "ఇది మీకొరకైన నా శరీరము" అని పెద్ద చెప్పాలి. లింబె బజారు గోలంతా మింగేసే మనిషి ఆ మూసిన పిడికిలి చూస్తూ సగంలో ఆగిపోయాడు. చిర్వా మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆ మాట తానే పూర్తి చేశారు. నా మొగుణ్ణి చూసి నేను అంత గర్వపడిన రోజు లేదు.

సోమవారం మా బండిలోనే నచిసాలె అవ్వని లింబె తీసుకెళ్ళాం. మాయినాల అవ్వా వచ్చింది. మూట, చాప, కుండ ఎక్కించి, అవ్వని పెద్ద బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాం. మాయినాల అవ్వా ఎక్కి పక్కన కూలబడింది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చున్నారు. కండక్టరు గద్దించాక మాయినాల అవ్వ దిగింది. బస్సు కదిలింది. అప్పుడు కిటికీలోంచి తలకాయ బయటికి వచ్చింది.

"జైలోసూ, వచ్చే ఆదివారం మళ్ళీ చెప్పు. అది మాయినాల వరండానే. అక్కడే మొదలైంది."

బస్సు మలుపు తిరిగిపోయింది. మాయినాల అవ్వ మా ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"చూశారా దాని టక్కరితనం. నేను ఎదురు చెప్పకుండా బండి కదిలేదాకా ఆగింది. ఎక్కించరా నన్ను. పోనియ్యి."

"ఎక్కడికవ్వా?"

"దాని వెనకే."

ఏ పెద్దకైనా సంఘంలోని అవ్వ మాట కాదనడం తగదు. లైనులో నిలబడ్డ జనం తిడుతున్నా వినకుండా మా ఆయన బండి తీశాడు. మిడిమా రోడ్డు పొడుగునా హారను మోగిస్తూనే ఉన్నాడు. బాంగ్వె మీదుగా పోతుంటే మా వాళ్ళు చేతులూపారు, ఎవరిదో పెళ్ళి ఊరేగింపు అనుకుని. ఊరు దాటాక పోలీసు గేటు దగ్గర పెద్ద బస్సు ఆగి ఉంది. మా ఆయన బండిని దాని పక్కకి చేర్చి, కిటికీకి కిటికీ ఎదురుగా ఆపాడు. 

మాయినాల అవ్వ నడుము దాకా బయటికి వంగింది. నచిసాలె అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉన్నదల్లా ఇటు తిరిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కూరలో ఉప్పు మరిచిపోకే," అంది మాయినాల అవ్వ.

"పిండి కొంచెం కొంచెంగా పొయ్యి. ఒక్కసారే గుమ్మరించకు."

"సరే."

"గెలుకుతూనే ఉండు. చెయ్యి ఆపకు."

"సరేలే."

గేటు లేచింది. బస్సు వెళ్ళిపోయింది. అవ్వని జాగ్రత్తగా లోపలికి లాగి కూర్చోబెట్టాను. కూర్చోగానే ఆవిడ తొడ మీద చరుచుకుంది.

"అయ్యో జైలోసూ, వచ్చిన పని చెప్పనేలేదురా."

అందరం పగలబడి నవ్వాం. అవ్వ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, అయినా నవ్వుతూనే ఉంది.

"మూడు నెలల్లో మళ్ళీ బల్ల ఉందవ్వా," అన్నాడు మా ఆయన. "నేనే ములాంజె వెళ్ళి తీసుకొస్తాను. అప్పుడు మొహం మీదే చెప్పేద్దువుగాని."

"నిజంగా తెస్తావా?"

"తెస్తాను."

"అయితే అప్పటిదాకా నన్ను బతికించు. అందుకే కదా నిన్ను ఎన్నుకున్నాం."

ఆయన తల ఊపి, బండి వెనక్కి తిప్పాడు. ఆ రోజు నుంచి ఆయన ఆఖరి ట్రిప్పు మాయినాల అవ్వ గుమ్మం ముందు ఆగుతోంది. అవ్వకి ముద్ద గెలకడానికి తెడ్డు పట్టుకుని నేనూ దిగుతాను.